డెడ్ స్టాక్, వరుస సంఖ్య 212

‘డెడ్ స్టాక్’ అన్న మాటలో చచ్చినదేది?

ఈ ప్రశ్నను నేను ఒక ఇంజనీరింగ్ కళాశాల పాలనాధికారిని 2005 ఫిబ్రవరి పదో తేదీ గురువారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ముఖాముఖి అడిగాను. ఆ తర్వాత రెండుసార్లు ఉత్తరం ద్వారా అడిగాను. ఇంతవరకూ జవాబు లేదు. కళాశాల పేరు ఇక్కడ రాయను.

తెలియనివారికి చెప్పాలి కనుక చెబుతున్నాను. ఏ కార్యాలయంలోనైనా సామానుకు రెండు రిజిస్టర్లుంటాయి. సుద్దముక్కలు, కాగితం, సిరా, ఫినాయిలు వంటివి వాడితే అయిపోతాయి, వాటికొకటి. బల్లలు, బీరువాలు, కొలత పరికరాలు వాడినా అయిపోవు, వాటికి రెండోది. ఈ రెండోదాని అట్ట మీద ‘డెడ్ స్టాక్ రిజిస్టర్’ అని ఉంటుంది. ఆ పేరు పెట్టినవారి భాషాజ్ఞానం మీద నాకు గౌరవం లేదు. కానీ అర్థంలో సందేహానికి తావు లేదు. డెడ్ స్టాక్ అంటే వాడకంతో తరిగిపోని సరుకు. చచ్చిన సరుకు కాదు.

ఏ.ఎస్. రావు నగర్ పక్కనున్న ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పరీక్షల విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు, ఆ కళాశాల నెట్‌వర్కింగ్ ల్యాబులో ఆరేళ్లు పనిచేశాను. ల్యాబు రిజిస్టరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నా చేతిరాతే. కిందటేడు రిటైరయ్యాను.

ఆ గురువారం ఉదయం మా వీధిలో రెండిళ్ల అవతలి పూజిత పెరుగు తోడుకు వచ్చింది. గిన్నె చేతిలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అదే కళాశాలలో ఎం.టెక్ ఆఖరి సంవత్సరం. వాళ్లది శ్రీకాకుళం వైపు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా, మనసు అదుపు తప్పితే మాట అటు పోతుంది.

“అత్తా, ఇంక ఏటీ లేదు. శనివారానికి సిమ్యులేషనే చూపించెయ్యమన్నారు మా గైడు. పద్నాలుగు నెలలు రాసిన ప్రోగ్రాము. ఒక్కసారి కూడా ఈ ఊళ్లో నిజం కార్డు మీద నడవకుండానే అయిపోతాది.”

“ఏం కార్డు?”

ఆమె చెప్పింది. నెట్‌వర్కులో ఒక కంప్యూటరు ఇంకోదాన్ని “ఉన్నావా?” అని అడిగితే, రెండోదానిలోని ఈథర్నెట్ కార్డు ఆ ప్రశ్నను లోపలికి మోసుకుపోతుంది, కంప్యూటరు ఆలోచించి “ఉన్నాను” అంటుంది, కార్డు ఆ మాటను బయటికి మోసుకొస్తుంది. మామూలు కార్డు కూలి మనిషి. కానీ కొన్నేళ్ల కిందట ఒక రకం కార్డు వచ్చింది. దాని మీద రెండు చిన్న ప్రాసెసర్లుంటాయి. లోపల నడిచే ప్రోగ్రామును తయారీదారే అందరికీ ఇచ్చాడు. కావలసినవారు మార్చి రాసుకోవచ్చు. పూజిత రాసిన ప్రోగ్రాముతో కంప్యూటరు హ్యాంగై పడిపోయినా కార్డే సొంతంగా జవాబు చెబుతుంది. అది ఆమె వాదన. రుజువు చేయాలంటే అలాంటి కార్డులు రెండు కావాలి. శనివారం పదకొండింటికి బయటి పరీక్షకుడు వస్తున్నారు. కార్డులు లేకపోతే సిమ్యులేషన్. అంటే కంప్యూటరు హ్యాంగైనట్టు నటిస్తుంది, కార్డు జవాబిచ్చినట్టు నటిస్తుంది, చూసేవారు నమ్మినట్టు నటిస్తారు.

బెంగళూరులో ఒక సంస్థలో వేసవి రెండు నెలలు ఆ కార్డుల మీద పని నేర్చుకుంది. అవి అక్కడే ఉండిపోయాయి. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కొత్త కార్డులు వేగంలో మిన్నే గాని వాటి లోపలి ప్రోగ్రామును ముట్టుకోనివ్వరు. పార్క్‌లేన్‌లో పదకొండు కంప్యూటరు దుకాణాలు తిరిగింది. “ప్రోగ్రామ్ చేసుకొనే నెట్ కార్డు” అని అడిగితే ఒకాయన గీరితే నంబరు వచ్చే ఇంటర్నెట్ గంటల కార్డు చేతిలో పెట్టి, “ఇగో అక్కా, యాభై గంటల ప్రోగ్రాం” అన్నాడట. ప్రపంచమంతటికీ ఈమెయిళ్లు రాసింది. ఫిన్లాండు నుంచి ఒకరు తన దగ్గర రెండున్నాయనీ, వీలునామాలో కూడా వాటిని ఎవరికీ రాయననీ జవాబిచ్చారు.

“పొడవైన కార్డా? ఇనుప పట్టీకి రెండు చదరపు రంధ్రాలు, వాటిలో ఫైబరు పోగులు దూరుతాయి. అదేనా?” అన్నాను.

“అదే! మీకెలా తెలుసు?”

“ల్యాబులో నీ కుర్చీ వెనక ఆకుపచ్చ బీరువా ఉంది కదా? మూడో అర. డెడ్ స్టాక్ వరుస సంఖ్య రెండు వందల పన్నెండు. నాలుగు కార్డులు. 2000 సెప్టెంబరులో ఒక కంపెనీ విరాళంగా ఇచ్చింది.”

పెరుగు గిన్నె కింద పడింది. గిన్నె స్టీలుది కావడం అదృష్టం. పూజిత నా భుజాలు పట్టుకుని గుమ్మంలో ఒక చుట్టు తిప్పింది. నా వయసు అరవై ఒకటి. ఎవరూ నన్నలా తిప్పి చాలా కాలమైంది.

“పదండత్తా! బేగి రండి! చెప్పులు దార్లో ఏసుకుందురు!”

*

బీరువా లేదు.

ఆ గదిలో అసలేమీ లేదు. పూజిత సోమవారం తర్వాత అటు వెళ్లలేదు, ఆమెకూ తెలియదు. గోడలకు కొత్త నీలం రంగు, తలుపు మీద ‘సైబర్ ల్యాబ్’ అన్న థర్మాకోల్ అక్షరాలు, నేల మీద ఊదని బెలూన్ల పొట్లం. పాలనాధికారి సదాశివ మధ్యలో నిలబడి అక్షరాల వంకర సరిచేయిస్తున్నారు. ఆయన అంతకుముందు ఒక ఫంక్షన్ హాలు నడిపారు. ఆ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను.

“రండి రండి మేడమ్! సూడుర్రి, కాలేజ్ ఎట్ల మారిందో! అరవై ఫ్లాట్ స్క్రీన్లు వస్తున్నయ్. ఇన్స్పెక్షనోళ్లు పరేషాన్ అయిపోవాలె.”

“బీరువా ఎక్కడ?”

“ఏ బీరువా?”

“ఆకుపచ్చది.”

“ఓ, గదా! ఈ రూంల డెడ్ స్టాకంత మంగళవారమే సాఫ్ చేసినం. లారీల ఎత్తేసిన.” చేతులు దులుపుకున్నారు. “మీరే రాసిపెట్టిన్రు కద మేడమ్, అట్ట మీద ఇంత పెద్దగ, డెడ్ అని. నా సొంత తెలివి ఏం లేదు.”

ఆ చివరి వాక్యంతో నేను విభేదించలేదు. ఆయన్ను వారి గదికి తీసుకెళ్లి కూర్చోమన్నాను. కూర్చున్నారు.

“మీరు కూర్చున్న కుర్చీ ఏ రిజిస్టరులో ఉంది?”

“కుర్చీ అంటె... ఆఫీస్ డెడ్ స్టాక్ల ఉంటది.”

“అంటే మీరిప్పుడు చచ్చిన కుర్చీ మీద కూర్చున్నారు. సదాశివ గారూ, ‘డెడ్ స్టాక్’ అన్న మాటలో చచ్చినదేది?”

ఆయన సగం లేచి, కుర్చీ వంక చూసి, మళ్లీ కూర్చున్నారు. పూజితకు నవ్వొచ్చి దగ్గుగా మార్చుకుంది.

“జెర టెన్షన్ పడకుర్రి మేడమ్. గా కార్డులేనా? కొత్తయి తెప్పిస్త. లేటెస్టు.”

“రిజిస్టరు ఎక్కడ?”

“అది సుత ఇచ్చేసిన. డెడ్ స్టాకే లేనప్పుడు రిజిస్టర్ ఎందుకు మేడమ్?”

ఆ వాక్యంలో తర్కదోషం లేదు. అందుకే నాకు మరింత కోపం వచ్చింది. గేట్ పాస్ పుస్తకం తెప్పించాను. సరుకు తీసుకున్నవారి పేరు: పర్వతాలు, పాత సామాను, రెజిమెంటల్ బజార్.

*

పర్వతాలు దుకాణం ముందు పాత ఫ్యాను రెక్కలు, సైకిలు చక్రాలు, టీవీ గొట్టాలు దేని కుప్ప దానిదిగా ఉన్నాయి. ఆ అమరిక మా కళాశాల స్టోరు గదికంటే క్రమంగా ఉందని ఒప్పుకోవాలి. ఆయన కాటా పక్కన ఎత్తుగా కూర్చున్నాడు. కింద చూస్తే కాలు విరిగిన కుర్చీ. ఆ కాలి స్థానంలో ఎర్ర క్యాలికో బైండుతో నా రిజిస్టరు.

“లేవండి,” అన్నాను.

“ఏందమ్మా?”

“మీ కుర్చీ కింది పుస్తకం నాది.”

“గిదా? మస్తు గట్టిగున్నదమ్మా గిది. మొన్నటిసంది కూసుంటున్న, జెర సుత కదలలే.” లేచి, పుస్తకం తీసి, లుంగీ అంచుతో తుడిచి ఇచ్చాడు. నేను 212 తెరిచేసరికి ఆయన కూడా తొంగి చూశాడు. “అచ్చరాలు ముత్యాలున్నట్టున్నయి గదమ్మా. మరి గింత మంచిగ రాసుకొని ఎందుకు పారేసిన్రు?”

“అది నా ప్రశ్న కూడా. ఈ సరుకులో కంప్యూటరు బోర్డులెక్కడ?”

“బోర్డులు నా కాడ నిలువయి. కత్తిరింపుకు పోతయి.”

పూజిత ముందుకొచ్చింది. “కత్తిరింపేటి?”

“కార్డు అడుగున పచ్చగ దువ్వెన పండ్లోలె ఉంటది సూడు బిడ్డా, గది బంగారం పూత. గా అంచు కత్తిరించి వేరే పెడ్తరు. తక్కింది వేరే. బోయిగూడల విమలమ్మ ఉన్నది, ఆమె వాకిట్ల నలుగురు కలిసి నిమిషానికి ఆరు.”

“ఆ అంచే కదండీ కంప్యూటర్లోకి ఎక్కేది! అత్తా, అంచు కత్తిరించేస్తే ఇంకేటుంటాది!”

“ఎప్పుడు పంపారు?” అన్నాను.

“పొద్దుగాల తొమ్మిదింటికి.”

“ఫోన్ చేయండి.”

“కత్తెర చేతిలుంటె ఆమె ఫోనెత్తదమ్మా. ఆమె బిడ్డ పెండ్లి నాడు సుత ఎత్తలే.” పర్వతాలు చొక్కా తొడుక్కున్నాడు. “ఆటో ఆపు బిడ్డా. నేను సుత వస్త. నేను లేకుంటె మిమ్మల్ని గల్లీల అడుగు పెట్టనియ్యదు.”

ఆటోలో ముగ్గురం. పర్వతాలు మధ్యలో, నా ఒళ్లో రిజిస్టరు, పూజిత సగం బయట. రైలు వంతెన కింద బండ్లన్నీ ఆగిపోయాయి. అప్పుడు పదకొండు గంటల యాభై నిమిషాలు. నేను లెక్క వేశాను. తొమ్మిదింటి నుంచి నూట డెబ్బై నిమిషాలు. నిమిషానికి ఆరు చొప్పున వెయ్యీ ఇరవై కార్డులు. మధ్యలో చాయ్‌కి పదిహేను నిమిషాలు తీసేస్తే తొమ్మిది వందల ముప్పై.

“పంపిన బోర్డులెన్ని?” అన్నాను.

“వెయ్యి దాక ఉంటయి.”

“అంటే ఇంకా డెబ్బై మిగిలాయి. మన నాలుగు ఆ డెబ్బైలో ఉండే సంభావ్యత...”

“అమ్మా, మీ కాళ్లు మొక్కుత, లెక్క ఆపుర్రి,” అన్నాడు పర్వతాలు. “పొద్దుగాల గీ కార్డులున్నయని సుత నాకు తెల్వదు, ఇప్పుడు నాకెందుకు భయమైతున్నది?”

పూజితకు నవ్వు పట్టుకుంది. భయంతో మొదలైన నవ్వు, ఆగలేదు. ఆమెను చూసి పర్వతాలు, ఆయన్ను చూసి ఆటో డ్రైవరు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నాడో డ్రైవరుకు తెలియదు. అతను హఠాత్తుగా పేవ్‌మెంటు మీదికి ఎక్కించి, ఒక పండ్ల బండికీ గోడకీ మధ్య నాకు కొలతకు అందని సందులోంచి ఆటోను అవతలికి తీసుకుపోయాడు. చట్టప్రకారం అది నేరం. నేను రిజిస్టరు గట్టిగా పట్టుకుని, నిరసన తెలపలేదు.

*

విమలమ్మ వాకిట్లో నలుగురు ఆడవాళ్లు చాప మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో స్టీలు బేసిను. దాన్నిండా కత్తిరించిన బంగారు అంచులు, ఎండలో కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. మా ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి దుమ్ము పడకుండా చేతొడుగులతో పట్టుకున్న అంచులవి. పక్కన పొద్దుతిరుగుడు గింజల పొట్టు. కత్తెరల చప్పుడు, మధ్యమధ్య ఎవరి అత్తగారి గురించో ముచ్చట.

విమలమ్మ నడివయసు మనిషి, కొప్పులో కనకాంబరాలు, చేతిలో రేకు కోసే పెద్ద కత్తెర. ఆ కత్తెర దవడల మధ్య ఒక పొడవైన కార్డు. దాని ఇనుప పట్టీకి రెండు చదరపు రంధ్రాలు.

“ఆగండి!” అని అరిచాను.

మా కాలనీలో నేను అరవడం ఎవరూ వినలేదు. ఇప్పుడు బోయిగూడ విన్నది. నాలుగు కత్తెరలూ ఆగాయి. కానీ విమలమ్మ కత్తెర ఆగేలోపు ఒక ‘కటక్’ వినిపించింది. బంగారు ముక్క ఒకటి ఎగిరి బేసినులో పడింది.

“ఎవలే గామె?” అంది విమలమ్మ. “పోలీసామె లెక్క అరుస్తున్నది!”

“పోలీసు గాదు విమలక్కా, సదువుకున్నామె,” అన్నాడు పర్వతాలు వెనకనుంచి. “ఇంక కష్టం.”

పూజిత చాప మీద మోకాళ్ల మీద పడి కుప్పలు తవ్వడం మొదలుపెట్టింది. “ఇలాంటివే అక్కా, ఇలాంటివి ఇంకా మూడుండాలి, రెండు చదరం కన్నాలు పక్కపక్కన...”

“పంది ముక్కుదా?” అంది విమలమ్మ.

ఆడవాళ్లందరూ ఒక్కసారి ఘొల్లున నవ్వారు. “పంది ముక్కు కోసం ఆటో ఏస్కొని వచ్చిన్రా!” అంది ఒకామె.

“గదైతే ముందుగాల చెప్పరాదు బిడ్డా? పొద్దుటిసంది దాన్ని సూసే నవ్వుకుంటున్నం. రెండు కోసేసిన. ఒకటి గిది. ఒకటి, ఇగో.”

గోడకు మేకు. మేకుకు కార్డు ఇనుప పట్టీతో వేలాడుతోంది. ముక్కు రంధ్రాలలోంచి ఒక రిబ్బను పోనిచ్చి, దానికి తాళాల గుత్తి కట్టారు. అంచు పళ్లు ఒక్కటి కూడా పోలేదు.

“ముద్దుగున్నదని తాళాలకు పెట్టుకున్న,” అంది విమలమ్మ, కొంచెం సిగ్గుపడి.

పూజిత ఆ కార్డును గుండెకు హత్తుకుంది, తాళాలతో సహా. అయితే ఒకటి చాలదు. ప్రశ్న అడగడానికొకటి, జవాబు చెప్పడానికొకటి కావాలి. చాప మీదున్న రెండు కార్డుల అంచు పూర్తిగా పోయింది. మూడోది ఇంకా విమలమ్మ చేతిలోనే ఉంది. పూజిత దాని వంక చూడలేకపోయింది.

నేను చూశాను. కళ్లజోడు మార్చుకుని మరోసారి చూశాను.

“విమలమ్మ గారూ, మీరు కత్తిరింపు ఎటువైపు నుంచి మొదలుపెడతారు?”

“ఎనకనుంచి. ముంగటి దిక్కు గీ ఇనుప పట్టీ ఉంటది గద, మణికట్టుకు గీరుకుంటది. అందుకని ఎప్పుడన్న ఎనకనుంచే షురూ.”

“అందరూ అంతేనా?”

“తెలిసినోళ్లందరు గంతే. తెల్వనోళ్లకు చేతుల మీద గీట్లుంటయి సూడు.”

ఈ కార్డు అంచు ఒక్క ముక్క కాదు. మధ్యలో గంట్లుంటాయి. వెనకవైపు చివరి ముక్క పెద్ద సర్వర్లలో ఉండే వెడల్పు స్లాటు కోసం. మామూలు కంప్యూటరులో పెడితే ఆ ముక్క ఏ స్లాటులోనూ దిగక గాలిలో వేలాడుతుంది. విమలమ్మ కత్తిరించింది సరిగ్గా ఆ ముక్కనే, చివరి గంటు వరకు. మామూలు స్లాటుకు కావలసిన పళ్లన్నీ అలాగే ఉన్నాయి. మణికట్టు గీరుకోకూడదన్న పనితనం ఆ కార్డును కాపాడింది. నిపుణుల సంఘాలు చేయలేని పని.

“పూజితా,” అన్నాను, “నీ కంప్యూటర్ల స్లాట్లు చిన్నవా, వెడల్పువా?”

“చిన్నవే. మామూలివి. ఎందుకు...” ఆమె నా చేతిలోంచి కార్డు లాక్కుంది. తిప్పింది. పళ్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. “వెనకది! అత్తా, పోయింది వెనకది! వెనకది అక్కర్లేదు!” లేచి విమలమ్మను కావలించుకుంది, కత్తెరతో సహా. “అక్కా, నీ చేతికి దండం!”

“ఏమైందమ్మా గీ పొల్లకు?” అంది విమలమ్మ నా వైపు చూసి. “కోసినందుకు సంతోషమా, ఆపినందుకా?”

“రెండింటికీ,” అన్నాను.

“మరి నా తాళాలు?”

పూర్తిగా అంచు పోయిన కార్డొకటి తీసి, రిబ్బను దాని ముక్కుకు మార్చి మేకుకు తగిలించాము. ముక్కు అదే కాబట్టి ఆమెకు అభ్యంతరం లేదు. కార్డులకు ఏమివ్వాలని పర్వతాలును అడిగితే తల అడ్డంగా ఊపాడు.

“నాకేం వద్దమ్మా. గిది ఏం జేస్తదో జెర చెప్పుర్రి, చాలు.”

పూజిత చెప్పింది. కంప్యూటరు స్పృహ తప్పినా కార్డు మాట్లాడుతుందని. కార్డుకు మనమే చదువు చెప్పవచ్చని.

“కార్డుకు సదువు చెప్తరా!” పర్వతాలు విమలమ్మ వైపు తిరిగాడు. “విన్నవా? మీ తమ్మునికి చెప్పలేకపోయిన్రు.” ఆమె గింజల పొట్టు విసిరింది. “శనివారం నేనొస్తనమ్మా. సచ్చిన మిషను మాట్లాడుడు నా కండ్లతోని సూడాలె. ఇన్నేండ్లల్ల నా దుకాణంల ఒక్కటి గూడ మాట్లాడలే.”

*

శుక్రవారం పగలంతా మా భోజనాల బల్ల మీద గడిచింది. కత్తెర కోసిన చోట కార్డు లోపలి రాగి పొరలు ఒకదానికొకటి తగులుకున్నాయి. మల్టీమీటరు పెడితే కూత పెట్టింది. ఇలా విద్యుత్తు ఇస్తే కార్డూ పోతుంది, కంప్యూటరూ పోతుంది. సన్నటి ఆకురాయితో అంచును పది నిమిషాలు రుద్దేదాన్ని, మీటరు పెట్టేదాన్ని. కూత. మళ్లీ రుద్దడం. పూజిత ఎదురుగా కూర్చుని, కూత వచ్చినప్పుడల్లా “అయ్యో” అని, అప్పడం ఒకటి తినేది. పదకొండో అప్పడం దగ్గర మీటరు నోరు మూసుకుంది.

శనివారం పదిన్నరకు కళాశాల గేటు దగ్గర సదాశివ స్వయంగా నిలబడి ఉన్నారు. పక్కన ఇస్త్రీ చొక్కాలో పర్వతాలు. అప్పటికే ఆయనతో వాదనలో ఉన్నాడు.

“మేడమ్, స్క్రాప్ లోపటికి తెచ్చుడు రూల్ల లేదు,” అన్నారు సదాశివ. “ఈయన స్క్రాప్, మీ చేతిల ఉన్నది సుత స్క్రాప్.”

నేను రిజిస్టరు తెరిచాను. “వరుస సంఖ్య 212. నాలుగు కార్డులు. కొట్టివేత గడి చూడండి. డెడ్ స్టాకులోంచి ఒక వస్తువును తీసేయాలంటే ముగ్గురి సంతకాలుండాలి. ఇక్కడెన్ని ఉన్నాయి?”

“ఒక్కటి గూడ లేదు.”

“కాబట్టి ఈ కార్డులు ఈ కళాశాల దాటి బయటికి పోలేదు.”

“మీ చేతిల ఉన్నయి కద మేడమ్!”

“రికార్డు ప్రకారం లేవు. రికార్డు ప్రకారం అవి మూడో అరలో ఉన్నాయి. రికార్డు తప్పంటారా? అయితే తప్పెవరిదో రాసి సంతకం పెట్టండి.”

పెన్ను ఇచ్చాను. ఆయన పెన్ను వంక, గేటు వంక, లోపలికి వస్తున్న పరీక్షకుడి కారు వంక చూశారు. గేటు తెరుచుకుంది.

“మరి నేను?” అన్నాడు పర్వతాలు.

“సరఫరాదారు,” అన్నాను. లోపలికొచ్చాడు.

ప్రాజెక్టు గదిలో రెండు పాత కంప్యూటర్లు మిగిలి ఉన్నాయి. ఎలా తప్పించుకున్నాయో అడగలేదు. పూజిత పెట్టిన కార్డులు మొదటిసారికే స్లాట్లలో కూర్చున్నాయి. కోసిన కార్డు వెనక భాగం గాలిలో ఉంది, నేను చెప్పినట్టే. ఫైబరు పోగులు రెండు ముక్కులకూ దూర్చింది.

పరీక్షకుడు రిచర్డ్ గారు. తెల్ల జుట్టు, తక్కువ మాట. సిమ్యులేషన్ల ఫలితాలున్న ఫైలును తెరవకుండానే పక్కన పెట్టారు. “అమ్మాయ్, కంప్యూటరు పడిపోయినా జవాబొస్తుందన్నావు. పడగొట్టు. నటించకుండా.”

పూజిత ఒక ఆదేశం కొట్టింది. కోసిన కార్డున్న కంప్యూటరులో తెర బిగుసుకుపోయింది. రిచర్డ్ గారు కీబోర్డు మీద అరచేతితో కొట్టారు. మౌసు ఊపారు. ఏదీ కదలలేదు.

రెండో తెర మీద అంతవరకూ సెకనుకొకటి చొప్పున జవాబులు వస్తున్నాయి. ఆగిపోయాయి.

ఒక సెకను.

“అయిపాయె,” అన్నారు సదాశివ, తలుపు దగ్గరనుంచి. ఆ గొంతులో తృప్తి ఉంది. “డెడ్.”

రెండు సెకన్లు. పూజిత పెదవులు కదులుతున్నాయి. ఆమె ముఖం భయంగా లేదని నేను గమనించాను, లెక్కపెడుతోంది.

మూడు.

జవాబొచ్చింది. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి. బిగుసుకుపోయిన తెర అలాగే ఉంది. రెండో తెర మీద వరసలు దిగుతూనే ఉన్నాయి.

“మూడు సెకన్లు చూసుకుంటాది సార్!” అంది పూజిత. “లోపలోడు నిజంగా పడిపోయాడా, కునుకు తీస్తున్నాడా అని మూడు సెకన్లు చూసి, అప్పుడు తనే మాటాడతాది. చెప్పడం మర్చిపోయాను!”

రిచర్డ్ గారు ఫైబరు పోగును ముక్కులోంచి లాగారు. జవాబులు ఆగాయి. దూర్చారు. మొదలయ్యాయి. మళ్లీ లాగారు. మళ్లీ దూర్చారు. నాలుగోసారికి, ఇది పరీక్ష కాదు, సరదా అని అందరికీ అర్థమైంది. ఆయన నవ్వడం మొదలుపెట్టి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పూజిత గాలిలోకి ఎగిరింది. పర్వతాలు చప్పట్లు కొట్టి, బిగుసుకుపోయిన కంప్యూటరు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక్కి వంగి చూశాడు.

“మాట్లాడుతున్నదమ్మా! నా కాటా మీద తూగిన కార్డు మాట్లాడుతున్నది!” తర్వాత సదాశివ వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు: “సార్, మీరు సుత రిజిస్టర్ల ఉన్నరా?”

రిచర్డ్ గారి నివేదికలో మొదటి వాక్యం ఇది: ‘కంప్యూటరు ఆగిపోయిన తర్వాత కార్డు స్వయంగా జవాబివ్వడం ప్రత్యక్షంగా చూశాను.’ ‘సిమ్యులేషన్’ అన్న మాట ఆ నివేదికలో ఎక్కడా లేదు. పూజిత దాని జిరాక్సు కాపీ తీయించి విమలమ్మకు ఒకటి ఇచ్చి వచ్చింది. అది తాళాల పక్కన అదే మేకుకు ఉందని విన్నాను.

రిజిస్టరు నా దగ్గరే ఉంది. వరుస సంఖ్య 212 ఎదుట ఇలా రాశాను: ‘నాలుగింటిలో రెండు పనిచేస్తున్నవి. ఒకదాని వెనక అంచు కత్తిరించబడినది, పనికి అడ్డం లేదు. ఒకటి బోయిగూడలో తాళములు మోయుచున్నది. ఒకటి పోయినది.’ రిజిస్టరు వాపసు ఇవ్వమని కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. అందులో దాన్ని ‘పాత డెడ్ రిజిస్టర్’ అన్నారు. మొదట నా ప్రశ్నకు జవాబివ్వండి, ఆ తర్వాత పంపుతానని రాశాను.

మీ కార్యాలయంలోనూ ఇలాంటి రిజిస్టరు ఉంది. మీ బడిలో, మీ ఆసుపత్రిలో, మీ బ్యాంకులో ఉంది. అది ఏ బీరువాలో ఉందో మీకు తెలియదు. సోమవారం ఉదయం దాన్ని తీయించండి. రాసిన ప్రతి వస్తువు దగ్గరికీ నడిచి వెళ్లి చేత్తో ముట్టుకోండి. తీగ ఉన్నదానికి విద్యుత్తు ఇవ్వండి. ఇచ్చి వెంటనే వెనుదిరగకండి. మూడు సెకన్లు నిలబడి చూడండి. అంతవరకూ ఏ గేట్ పాస్ మీదా సంతకం పెట్టకండి.